డాక్టర్ సలహా: మెనూ తర్వాత, ముందు ఆ మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు రోజుల తరబడి మేడ మీదే ఉండిపోయాం. అప్పటి నుంచి ఇంట్లో సరుకులు ఎక్కువగా తెచ్చి పెట్టుకోవడం అలవాటైపోయింది. ఇప్పుడు చూస్తే రెండు బస్తాల బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, వేరుశనగ గుళ్లు, నిరుటి ఆవకాయ, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, గుంటూరు నుంచి తెచ్చిన కారం, ఫ్రిజ్ నిండా డబ్బాలు. ఏదీ పారేయడం నాకు ఇష్టం ఉండదు. వారం మెనూ రాసుకుని అన్నీ వాడేద్దామనుకుంటున్నాను. ఇంట్లో మా వారు (58, బీపీ, షుగర్), అత్తయ్యగారు (76), నేను. మిగిలిన అన్నం, పప్పు మర్నాడు వేడి చేసుకుని తింటాం. ఈ నెలలో అత్తయ్యగారికి రెండుసార్లు విరేచనాలయ్యాయి. ఫ్రిజ్ డోర్‌లో దాచిన యాంటీబయాటిక్, మోషన్స్ ఆగే మాత్ర వేస్తే తగ్గిపోయింది. బియ్యానికి పురుగు పట్టకుండా తెలిసినవాళ్లు ఇచ్చిన మాత్రలు గుడ్డలో కట్టి ఒక బస్తాలో పెట్టాను. బస్తాలు అత్తయ్యగారి గదిలోనే ఉంటాయి. మా వారు బీపీ నార్మల్‌గా ఉందని మాత్ర రోజు మార్చి రోజు వేసుకుంటున్నారు (సాయంత్రానికి కాళ్లు కొంచెం వాస్తున్నాయి). మెనూ ఎలా వేసుకోవాలి? ఏడాది దాటిన ఆవకాయ తినొచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మెనూ చెబుతాను. కానీ ముందు లేచి వెళ్లి అత్తయ్యగారి గది కిటికీలు, తలుపులు బార్లా తెరవండి. ఈ రాత్రికే ఆవిడ పడక వేరే గదికి మార్చండి. ఆ పని అయ్యాక మిగతాది చదవండి.

ఆ మాత్రల పేరు మీరు రాయలేదు. ధాన్యం నిల్వకు వాడే మాత్రలంటే అల్యూమినియం ఫాస్ఫైడ్ అయ్యే అవకాశం ఉంది. కాకపోతే సంతోషం. అదే అయితే మాత్రం అది ఇంట్లో ఉండాల్సిన వస్తువు కాదు. గాలిలో తేమ తగిలితే చాలు, దాన్నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పురుగును చంపేది ఆ వాయువే, మూసిన గదిలో పడుకున్న మనిషినీ చంపగలదు. దానికి విరుగుడు మందు లేదు. గోడౌన్లలో శిక్షణ పొందినవాళ్లు మనుషుల్ని దూరంగా పెట్టి వాడేది ఇది. మామూలు జనానికి అమ్మకూడదని నిబంధన కూడా ఉంది. అయినా చేతులు మారి ఇళ్లలోకి వస్తూనే ఉంది. వాసన రావడం లేదు కదా అని ధీమాగా ఉండకండి. ఒక్కోసారి వెల్లుల్లి వాసనో కుళ్లిన చేపల వాసనో వస్తుంది, ఒక్కోసారి ఏమీ రాదు.

ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి ప్యాకెట్ మీద ఏ పేరు ఉందో చదవమనండి. అదేనని తేలినా, వాళ్లు చెప్పలేకపోయినా బస్తాలో చెయ్యి పెట్టి ఆ గుడ్డ కోసం వెతకొద్దు. నీళ్లు అసలే తగలనివ్వొద్దు, తగిలితే గ్యాస్ ఇంకా ఎక్కువ వస్తుంది. పెస్ట్ కంట్రోల్ లైసెన్సు ఉన్నవాళ్లను పిలిచి తీయించండి. అప్పటిదాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్లకూడదు. ఆ బియ్యం సంగతి వాళ్లనే అడగండి, కానీ నా ఇంట్లో అయితే నేను వండనివ్వను. ఇంట్లో ఎవరికైనా తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ఆయాసం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. మాత్ర పేరు తెలిస్తే క్యాజువాలిటీలో మొదటి మాటగా అదే చెప్పండి. పొద్దున దాకా చూద్దాం అనుకోవద్దు. పురుగు భయమే అయితే బియ్యంలో ఎండిన వేపాకు వేసేవాళ్లు, పప్పులకు ఆముదం పట్టించేవాళ్లు మన పెద్దవాళ్లు. బాగా ఎండబెట్టి గాలి చొరని డబ్బాలో పోస్తే చాలావరకు అదే సరిపోతుంది.

మీరు తిండి గురించి రాశారు గానీ, ఆ ఉత్తరంలో నాకు మూడు చోట్ల మాత్రలు కనిపించాయి. బస్తాలో ఒకటి. ఫ్రిజ్ డోర్‌లో రెండోది. మీ వారి స్ట్రిప్పులో మిగిలిపోతున్నది మూడోది.

ఫ్రిజ్ సంగతికి వస్తే కాస్త కోప్పడక తప్పదు. పప్పు మిగిలితే దాచుకోవచ్చు. యాంటీబయాటిక్ మిగలకూడదు. మిగిలిందంటే ఎవరో కోర్సు మధ్యలో ఆపేశారన్నమాట. ఆ మిగిలిన నాలుగు మాత్రలూ ఎవరి కోసం, ఏ జబ్బుకి రాసినవో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. 76 ఏళ్ల మనిషికి కిడ్నీ ఎలా పనిచేస్తోందో తెలియకుండా వాటిలో రెండు వేసేశారు. ‘వేస్తే తగ్గిపోయింది’ అన్నారు. ఇలాంటి విరేచనాలు చాలావరకు రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం మాత్రకి వస్తుంది. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థం. ఆ గీత గురించి 2016లోనే ప్రచారం మొదలుపెట్టారు. ఇప్పటికీ నా ఓపీలో పదిమందిని అడిగితే ఇద్దరికి తెలిస్తే గొప్ప.

మోషన్స్ ఆపే మాత్ర ఇంకో తంటా. జ్వరం ఉన్నా, విరేచనంలో రక్తం పడుతున్నా అది వేయకూడదు. లోపల ఉన్న విషం బయటికి పోకుండా తలుపు వేసినట్టవుతుంది. ఆవిడకి అప్పుడు జ్వరం ఉందో లేదో మీరు రాయలేదు.

పెద్దవాళ్లను ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకురమ్మంటాను. ఈమధ్య ఒకాయన బిస్కెట్ డబ్బా నిండా తెచ్చి బల్ల మీద బోర్లించారు. కత్తెరతో ముక్కలు చేసిన స్ట్రిప్పులు, పేరున్న ముక్క ఒకటీ లేదు. పేరు వేరు, లోపల మందు ఒకటే అయిన నొప్పి మాత్రలు రెండు రకాలు. ఆయన రెండూ కలిపి వేసుకుంటున్నారు! మీ డబ్బా కూడా అలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం. మీ డాక్టర్ దగ్గరికి అలాగే పట్టుకెళ్లి, ఉంచాల్సినవి ఏవో చెప్పమనండి. అన్నట్టు, మామూలు మాత్రలకు ఫ్రిజ్ అక్కర్లేదు, అక్కడి తేమే వాటికి చేటు. పొడిగా, చల్లగా ఉన్న బీరువా చాలు. ఇన్సులిన్ లాంటివి వేరే సంగతి. నీళ్లు కలిపి ఉంచిన పిల్లల యాంటీబయాటిక్ సిరప్, మూత తీసి నెల దాటిన కంటి చుక్కలు ఉంటే డేట్ ఉన్నా సరే తీసేయండి. ఆ డేట్ మూత తీయని సీసాకి వేసింది.

మళ్లీ విరేచనాలైతే మొదట కావాల్సింది ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమని ఉందో అన్నింటిలోనే కలపండి. పెద్ద ప్యాకెట్ అయితే మామూలుగా లీటరు. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి అంచనాగా కలపొద్దు. షాపుల్లో అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు. ఆవిడకి మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, ఏం తాగినా వాంతి అవుతున్నా, రక్తం కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ వయసులో నీరు తగ్గిపోవడం గంటల్లో జరుగుతుంది. రెండుసార్లు ఎందుకయ్యాయో ఒకసారి చూపించి తెలుసుకోండి. ఆ గదిలో మాత్రల సంగతీ డాక్టర్‌కి చెప్పండి. కారణం అదేనని నేను అనను, చెప్పకుండా ఉండొద్దంటున్నాను.

నా అనుమానం ఎక్కువగా రాత్రి అన్నం మీద. నేనూ చద్దన్నం తిని పెరిగినవాణ్నే, పెరుగు కలిపి పులిసిన చద్దన్నాన్ని ఏమీ అనను. గిన్నెలో మూత పెట్టి పొయ్యి గట్టు మీద వదిలేసిన ఉత్త అన్నం వేరు. ఉడికినా చావని బ్యాక్టీరియా అందులో ఉంటుంది, దాని పేరు బాసిల్లస్ సీరియస్. మన విజయవాడ ఉక్కలో రాత్రంతా ఉంటే అది పెరిగి విషం వదులుతుంది. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అన్నం, పప్పు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, ఎండాకాలం అయితే గంటలోపే. లోతు గిన్నెలో కాకుండా పళ్లెంలో పరిచి చల్లార్చితే త్వరగా చల్లారుతుంది. మర్నాడు పొగలు వచ్చేలా ఒక్కసారే వేడి చేయండి. రెండోసారి వద్దు. కరెంటు నాలుగు గంటలకు మించి పోతే వండిన డబ్బాల మీద ఆశ వదులుకోండి.

ఇక మీ వారు. కాళ్ల వాపు సంగతి బ్రాకెట్లో రాశారు. నేనైతే దాన్ని మొదటి లైన్‌లో రాసేవాణ్ని. బీపీ, షుగర్ రెండూ ఉన్న మనిషికి కాళ్లు వాస్తే కిడ్నీ, గుండె చూడాలి. కొన్ని రకాల బీపీ మాత్రల వల్ల కూడా పాదాలు వాస్తాయి, అది తేల్చాల్సింది రాసిన డాక్టరే. ఈ వారంలోనే బీపీ చూపించి, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ చేయించండి. ఆయాసం కూడా ఉంటే వారం దాకా ఆగొద్దు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే బీపీ నార్మల్ వచ్చింది. రోజు మార్చి రోజు వేసుకోమని ఎవరూ చెప్పి ఉండరు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ఏమైనా తెచ్చుకుంటున్నారేమో అడగండి. నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి, కాళ్లకు నీరు పట్టిస్తాయి. ఆయనకి విరేచనాలు పట్టుకుంటే రోజూ వేసే మందుల్లో కొన్ని ఆ ఒకటి రెండు రోజులు ఆపాల్సి రావచ్చు. ఏది ఆపాలో ఫోన్ చేసి అడగాలి, సొంతంగా కాదు.

మెనూకి వద్దాం. ఒక మధ్యాహ్నం కూర్చుని అన్నీ బయటికి తీసి, ప్రతి డబ్బా మీద కొన్న నెల రాయండి. పాతది ముందుకి, కొత్తది వెనక్కి. మొదట వేరుశనగ గుళ్లు చూడండి. చేదుగా ఉన్నా, ముడుచుకుపోయినా, బూజు పచ్చగా కనిపించినా మొత్తం పారేయండి, ఏరుకోవద్దు. వాటి మీద పెరిగే బూజు వదిలే అఫ్లటాక్సిన్ వేయించినా ఉడికించినా పోదు, కాలక్రమంలో లివర్‌ని పాడుచేస్తుంది. కారం తేమ తగిలి గడ్డకట్టి, ముక్క వాసన వేస్తుంటే అదీ అంతే. గుంటూరు కారం కదా అని మనసు ఒప్పదు, తెలుసు.

ఫ్రిజ్‌లో వండినవి ముందు రెండు రోజుల్లో అయిపోవాలి. తర్వాత పిండ్లు. పప్పులు ఆగుతాయి, వాటికి కంగారు లేదు. వారంలో మూడు రోజులు కందిపప్పు చేయండి, కానీ ప్రతిసారీ తోటకూరో గోంగూరో బీరకాయో వేసి. ఆకుకూర రైతుబజార్లో అప్పటికప్పుడు కొన్నది కావాలి. నిల్వ సరుకే తిని వారం గడిపేస్తే కూరగాయ నోట్లోకి వెళ్లదు. మినప్పప్పు రెండు రోజులకు సరిపడానే రుబ్బి ఇడ్లీ, దిబ్బరొట్టె వేయండి. వడియాలు నూనెలో వేయించే బదులు ఒక రోజు పులుసులో వేసేయండి. మిగతా రోజులు మీ ఇష్టం. బియ్యం త్వరగా అవ్వాలని ఆయన కంచంలో అన్నం పెంచొద్దు, కొలత మామూలే. క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ఈ పప్పు లెక్క కూడా తాత్కాలికమే. కిడ్నీలో తేడా ఉంటే పప్పు, ఆకుకూర ఎంత తినాలో మారిపోతుంది.

ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే వంటలోదీ పచ్చడిలోదీ అప్పడంలోదీ అంతా కలిపి ఒక టీస్పూన్. ఊరమిరపకాయలు మీరు తినండి, ఆయనకి వద్దు. ఆవకాయ అంటారా, పైన నూనె తేలుతూ, బూజు లేకుండా, తడి గరిట తగలకుండా ఉంటే ఏడాది దాటినా ఫర్వాలేదు. పైన తెల్లగా బూజు కడితే ఆ మేరకు తీసేసి కింది పచ్చడి తినడం కాదు, జాడీ మొత్తం ఖాళీ చేయాలి. మీ వారికి అది కలుపుకుని తినే వస్తువు కాదు, వారంలో ఒకటి రెండుసార్లు పెరుగన్నంలో చిన్న ముక్క నంజుకోవచ్చు. అదీ కాళ్ల వాపు ఎందుకో తేలాకే.