అది అమ్మ గువ్వ కాదు తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం, దాంతో పాటు పంపిన పదకొండు ఫోటోలు చేరి పది రోజులైంది. మొదటిసారి చదివి కోపమొచ్చి పక్కన పెట్టేశాను, అందుకే ఇంత లేటు. ఏడో ఫోటో కింద "అమ్మ త్యాగం" అని రాశావు కదా, నాన్న గువ్వ ఊరంతా తిరుగుతుంటే అమ్మ ఒక్కతే మండుటెండలో గుడ్లు పొదుగుతోందని పేజీన్నర సాగదీశావు. ఆ ఫోటో ఒకసారి మళ్ళీ తీసి చూడు. కొమ్మ నీడ సరిగ్గా కొమ్మ కిందే పడింది. అంటే మిట్టమధ్యాహ్నం. ఆ టైమ్‌లో గూట్లో కూర్చునేది దాదాపు ఎప్పుడూ మగ గువ్వే. వాటి డ్యూటీలు అలా ఉంటాయి, పొద్దెక్కాక మగది వచ్చి కూర్చుంటుంది, సాయంత్రం దాకా కదలదు, అక్కణ్ణించి రాత్రంతా, మళ్ళీ పొద్దెక్కేదాకా ఆడది. నువ్వు తిరుగుబోతన్నవాడే నీ ఫోటోలో ముక్కు తెరుచుకుని రొప్పుతూ గుడ్లు కాస్తున్నాడు.

మెడ వెనక ఆ నల్లపట్టీ, దాని మీద తెల్ల చుక్కలు రెండింటికీ ఒకేలా ఉంటాయి, చూసి ఆడో మగో చెప్పడం నావల్ల కూడా కాదు. కానీ ఎవరు ఎప్పుడొస్తున్నారు, ఎవరు ఛాతీ ఉబ్బించి తల వంచి వంచి కూస్తున్నారు, ఎవరు పుల్ల తెస్తున్నారు, ఇవి నాలుగు రోజులు రాసుకుంటే తెలిసిపోతుంది. నువ్వు రాసుకోలేదు. నీకు ముందే ఒక కథ తెలుసు, దానికి గువ్వల్ని తెచ్చి అతికించావు. తొమ్మిదో ఫోటోకి "తొలిముద్దు" అన్నావు. అందులో ఆడది మగదాని నోట్లో ముక్కు పెట్టింది, గూట్లో పిల్ల తల్లిదండ్రుల నోట్లో ఎలా పెడుతుందో అచ్చం అలాగే. పిల్లలు పుట్టాక రెండూ గొంతుసంచిలో పాల లాంటిది తయారుచేసి అలాగే పడతాయి, తల్లి మాత్రమే కాదు, తండ్రి కూడా. తండ్రి పాలివ్వడం కన్నా పెద్ద సంగతి నీ "తొలిముద్దు"లో ఏముంది చెప్పు?

పక్షుల జంట అనగానే వాల్మీకి గుర్తొస్తాడు, నువ్వూ తెచ్చావు, కరుణ అన్నావు, బాగుంది. కానీ వేటగాడి దెబ్బకి మగ క్రౌంచం పడిపోయి ఆడది ఏడుస్తున్న ఆ చోట కూడా ఆ మగదాని తల రాగిరంగులో ఉందని ఆయన చెప్పాడు. అంత దుఃఖంలోనూ ఆ రంగు వదల్లేదు. నీ పదకొండు ఫోటోల వ్యాసంలో గువ్వ కాళ్ళు ఏ రంగో ఒక్కచోట లేదు!

నా మొదటి వ్యాసం కూడా పెరట్లో గువ్వల మీదే. ఇరవై ఆరేళ్ళప్పుడు. మగది ఒక్కో పుల్ల ఏరుకొస్తుంది, నచ్చకపోతే పారేస్తుంది, నచ్చింది తెచ్చి గూట్లో కూర్చున్న ఆడదాని వీపు మీద వాలి భుజం మీంచి అందిస్తుంది, ఆడది మెడ తిప్పి అందుకుని పొట్ట కింద దోపుకుంటుంది. గంటలో ఇరవై మూడు పుల్లలు లెక్కపెట్టాను, ఆ లెక్కంతా రెండు పేరాల్లో రాశాను. ఎడిటర్ గారు ఆ రెండు పేరాలే కొట్టేశారు. "పాఠకులకి పుల్లలెందుకయ్యా, ఫీలింగ్ కావాలి" అన్నారు. గువ్వ అని రాసిన ప్రతిచోటా పావురం అని మార్చి, పైన "శాంతి కపోతాల ప్రేమగాథ" అని హెడ్డింగ్ పెట్టి వేశారు. ఇన్నేళ్ళయినా ఆ హెడ్డింగ్ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు ఎడిటర్ అక్కర్లేదు, రాసేవాళ్ళే ఆ పని చేసేసుకుంటున్నారు, వెనకంతా మసక చేసి రెండు గువ్వల్ని పెట్టి కింద "మౌనం" అని ఒక్క ముక్క, అదే కవిత్వమట.

సరే, నాకు అసలు నిద్ర పట్టనివ్వంది నీ నాలుగో ఫోటో. కుడి మూలన కొమ్మ కొత్తగా కోసిన మోడు ఉంది, లోపలి చెక్క ఇంకా తెల్లగానే ఉంది. అది నువ్వు కోసిందేనా? ఆకులు అడ్డొచ్చాయనా?

నేనూ కోశాను. ఒక్క రెమ్మే, కత్తెరతో. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది, కంట్లో వెలుగు చుక్కతో సహా. మర్నాడు పొద్దున్న చూస్తే కాకి వచ్చి వెళ్ళిపోయింది, రెండు గుడ్లూ లేవు. గువ్వ గూడంటే కిందనుంచి చూస్తే గుడ్లు కనిపించేంత పల్చన, పుల్లలు అటూ ఇటూ వేసినట్టుంటుంది, దానికి ఆ ఆకులే గోడలు, ఆ గోడ నేను తీసేశాను. పొద్దెక్కాక మగది దాని టైమ్‌కి అది వచ్చింది. గూటి అంచున కాసేపు నిలబడి, ఒకసారి లోపల అడుగుపెట్టి, వెనక్కి వచ్చి ఎగిరిపోయింది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ చూపించలేదు, ఎక్కడా వేయలేదు.

కాబట్టి ఆకులు అడ్డొస్తే అడ్డు రానీ. కిటికీ లోపలే కూర్చో, ఫ్లాష్ వద్దు, సైలెంట్ షట్టర్ ఉంటే అది పెట్టుకో, గువ్వ మెడ నిక్కబొడుచుకుని బిగుసుకుపోయిందంటే నువ్వు మరీ దగ్గరకెళ్ళావని అర్థం, వెంటనే వెనక్కొచ్చెయ్. ఎగిరేటప్పుడు కావాలంటే సెకనులో వెయ్యో వంతు పెట్టుకుని వరసగా నొక్కు. అన్నిటికన్నా ముందు డ్యూటీ మారే ఘడియ పట్టుకో. వచ్చింది అంచున వాలుతుంది, కూర్చున్నది వెంటనే లేవదు, ఒక్కోసారి పక్కనుంచి తోసుకుంటూ జరిగితే గానీ లేవదు, గుడ్లు రెండూ తెల్లగా కనబడేది ఆ కొద్ది సెకన్లే. మొదటి రెండు రోజులు కెమెరా ముట్టుకోకు, నోట్‌బుక్, గడియారం చాలు.

నీ మూడో పేజీలో ఒక వాక్యం ఉంది, "నీళ్ళు తాగేటప్పుడు మిగతా పిట్టల్లా తల పైకెత్తలేదు, ముక్కు ముంచి పీల్చేసింది" అని. పావురం జాతి చాలావరకు అలాగే తాగుతుంది, నీకది ఎవరూ చెప్పి ఉండరు, కళ్ళతో చూసి రాశావు. ఆ ఒక్క వాక్యం కోసమే కూర్చుని ఇంత రాశాను.

గుడ్లు పిల్లలవడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. నీ ఫోటోల తేదీలు చూస్తే ఈపాటికి పిల్లలు గూట్లో ఉండాలి. కొమ్మ కోసిన తర్వాత ఏమైందో ఉన్నదున్నట్టు రాసి పంపు. పిల్లలున్నాయా?

మీ అన్నయ్య