టేకులో లోతుగా కోయాలంటే: సన్న బిట్టుకు పొడవు పెంచొద్దు

మీరు అడిగింది ఇది: సిరొంచలో సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్క కోత యంత్రం)తో 25 మి.మీ. ఆలాపల్లి టేకు పలక మీద పూజగది తలుపుకు ఆరుపారు జాలీ కోస్తున్నారు. 3 మి.మీ. బిట్టు సగం లోతు దాటగానే గోడలు నల్లబడుతున్నాయి, తర్వాత విరుగుతోంది. 2 మి.మీ.లో పొడుగుది తెప్పించాలా?

వద్దు. డబ్బు దండగ. కోలెట్ (బిట్టును పట్టి ఉంచే బిగింపు) బయట ఉన్న పొడవు రెట్టింపైతే అదే ఒత్తిడికి బిట్టు ఎనిమిది రెట్లు వంగుతుంది. 3 నుంచి 2కి సన్నబడితే పొడవు మారకపోయినా వంపు ఐదు రెట్లు. ఈ రెండూ కలిపి కొనుక్కున్నట్టు అవుతుంది.

ముందు నలుపు ఎక్కడ మొదలవుతోందో చూడండి. 3 మి.మీ. బిట్లలో చాలావాటి షాంక్ (కోలెట్ పట్టుకునే నున్నటి కాడ) 3.175 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఫ్లూట్ (కోసే అంచున్న గాళ్ల భాగం) పొడవు 12 అయితే, 12 దాటాక ఆ షాంక్ 3 మి.మీ. గాడిలోకి దిగాలి. అది కోయదు, రుద్దుతుంది. గోడ మీద సరిగ్గా 12 దగ్గర మొదలయ్యే నిగనిగలాడే నల్ల చార, షాంక్ మీద గోధుమరంగు జిగురు మరక కనిపిస్తే కారణం ఇదే. పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా మాడితే మాత్రం ఫీడ్ (చెక్కలో బిట్టు ముందుకు కదిలే వేగం) తక్కువైంది, లేదా అంచు మొద్దుబారింది. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) బిట్టు అంచు త్వరగా పోతుంది. సాలిడ్ కార్బైడే వాడండి.

జాలీ ఆరుపారు కాబట్టి పలకను తిప్పి రెండు వైపుల నుంచి 13 మి.మీ. చొప్పున కోయండి. బయటి పొడవు 28 నుంచి 16కి తగ్గుతుంది, వంపు సుమారు ఐదో వంతుకు పడిపోతుంది. ఫ్లూట్ పొడవు 15 ఉన్న మామూలు బిట్టు సరిపోతుంది. తిప్పే అక్షం మీదే, డిజైన్‌కు బయట మిగిలే చెక్కలో, తిప్పినా పలక అదే చోట కూర్చునేలా రెండు 6 మి.మీ. డోవెల్ (గుండ్రటి చీల) రంధ్రాలు వేయండి. అవే కింది బోర్డులోకీ దిగాలి. మధ్యలో వెంట్రుకవాసి మెట్టు మిగిలితే 120 నంబరు ఎమెరీతో పోతుంది.

పని అంతా సన్న బిట్టుతో చేయించకండి. 6 మి.మీ. బిట్టు పట్టినంత మేర దానితో తీసి, గోడకు 0.3 వదలండి. 3 మి.మీ.ది ఆ మిగిలిన పొరకు, మూలలకే. ఒక్కో పాస్‌కు (ఒకసారి నడకకు) 1.5 మి.మీ. లోతు, 18,000 ఆర్.పి.ఎం., రెండు ఫ్లూట్లు, పంటికి (ఒక్కో కోత అంచుకు) 0.03 మి.మీ. లెక్కన ఫీడ్ నిమిషానికి 1,080 మి.మీ. భయపడి 400కి తగ్గిస్తే చెక్క తెగదు, ఒరుసుకుని వేడెక్కుతుంది. నిలువుగా గుచ్చకుండా 3 నుంచి 5 డిగ్రీల ర్యాంప్‌తో (ఏటవాలుగా) దించండి.

లోతు గాడికి అప్‌కట్ (పొట్టును పైకి లాగే) బిట్టే. డౌన్‌కట్ పైఅంచు శుభ్రంగా ఉంచుతుంది గానీ పొట్టును కిందికే తొక్కుతుంది. అది గాడిలో కూరుకుపోయి నిప్పంటుకునేదాకా వస్తుంది. ఎయిర్ నాజిల్ గాడిలోకే గురిపెట్టండి. పచ్చి చెక్క పొట్టు గాలికి లేవదు, కాబట్టి ఆరిన పలకే ఎక్కించండి.

తిప్పడం కుదరని పని, అంటే 20 మి.మీ. లోతు గుంట ఉంటే, అప్పుడు కొనాల్సింది లాంగ్ నెక్ బిట్టు: 6 మి.మీ. షాంక్, కొనదగ్గర పొట్టి ఫ్లూట్, దాని పైన కోత వ్యాసం కన్నా సన్నగా అరగదీసిన మెడ. ఆర్డర్ చేసేటప్పుడు మొత్తం పొడవు కాదు, మెడతో కలిపి లోపలికి దిగే పొడవు అడగండి. టేపర్ బాల్‌నోజ్ (కొనవైపు సన్నబడి, కొన గుండ్రంగా ఉండే బిట్టు) దేవుడి బొమ్మల నగిషీకి చాలా బాగుంటుంది, కానీ జాలీకి గోడలు వాలుగా వస్తాయి.

కోలెట్‌ను విప్పి బ్రష్‌తో తుడిచి, బిట్టు పక్కన డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పండి. ఊపు (తిరిగేటప్పుడు బిట్టు పక్కకు ఊగడం) 0.02 మి.మీ. లోపే ఉండాలి. పంటికి 0.03 కోసే చోట 0.05 ఊపు ఉంటే ఒక పన్నే మొత్తం మోస్తుంది, అదే విరుగుతుంది. 3.175 షాంక్‌కు 3.175 కోలెట్టే వేయండి, ఫ్లూట్ కోలెట్ లోపలికి పోకూడదు.

ఇంకొకటి, తలుపు చేసే వడ్రంగిని అడగండి: 3 మి.మీ. బిట్టు మూలలో 1.5 గుండ్రం వదులుతుంది, 6 మి.మీ.ది 3 వదులుతుంది. ఆ 3 ఆయనకు సమ్మతమైతే, లేదా మూలలు ఉలితో తీస్తానంటే, సన్న బిట్టు అవసరమే రాదు.