మిగిలిన కూరగాయలతో సూప్: రుచంతా నీళ్లు పోయకముందే

చిరంజీవి చిన్నాకి,

ఆశీస్సులు. ఫ్రిజ్ అడుగున వడిలిన క్యారెట్లు, పావు ముక్క క్యాబేజీ, మెత్తబడ్డ టమాటాలు ఉన్నాయి, పారేయనా అని అడిగావు. పారేయకు నాయనా, నలుగురికి సరిపడే సూప్ అవుతుంది. కాకపోతే అన్నీ కలిపి గిన్నెలో వేసి నీళ్లు పోసి మరిగించావంటే మిగిలేది చప్పిడి నీళ్లే. సూప్ రుచి సగానికి పైగా నీళ్లు పోయకముందే తేలిపోతుంది.

ముందు ఏరుకో. వడిలినా పరవాలేదు గానీ జిగురెక్కినదీ, పుల్లటి వాసన వేసేదీ వద్దు. టమాటా లాంటి మెత్తటి వాటికి బూజు పడితే అంతవరకు కోసేస్తే చాలదు, కంటికి కనపడకుండా లోపలికి పాకి ఉంటుంది. మొత్తం తీసేయ్. బాగా పచ్చబడ్డ బంగాళదుంప కూడా వద్దు.

అరకిలో ముక్కలకి ఒక పెద్ద ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిక్కదనానికి ఒక బంగాళదుంప, రెండు పెద్ద చెంచాల నూనె, లీటరు నీళ్లు. ఈ లెక్క గుర్తుంచుకుంటే కూరగాయ ఏదైనా ఒకటే.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పావు చెంచా ఉప్పు వేసి సన్నని సెగ మీద పది నిమిషాలు మగ్గనివ్వు. ఉప్పు ఉల్లిలోని నీటిని బయటికి లాగుతుంది, అందుకే మాడకుండా మెత్తబడి తియ్యదనం వస్తుంది. ఇక్కడ తొందరపడితే తర్వాత ఏ మసాలా వేసినా ఆ లోటు తీరదు. ఉల్లి అద్దంలా మెరిశాక వెల్లుల్లి వేసి అర నిమిషం కలుపు. ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. తర్వాత క్యారెట్, బంగాళదుంప ముక్కలు వేసి, అంచులు కాస్త ఎర్రబడేదాకా వేయించి, అప్పుడు నీళ్లు పోయి. అడుగున అంటుకున్నదాన్ని గరిటెతో గీకి కలుపు, రుచంతా అందులోనే ఉంటుంది.

టమాటాలు మాత్రం వీటితో పాటు వేయకు. పులుపు తగిలితే దుంపలు త్వరగా మెత్తబడవు. పక్కన చిన్న మూకుట్లో కొద్ది నూనెతో పచ్చివాసన పోయి గుజ్జు దగ్గరపడేదాకా మగ్గించి, దుంప ఉడికాక కలుపు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఎక్కువసేపు ఉడికితే గంధకం వాసన వస్తుంది, చివరి పది నిమిషాల్లో వెయ్యి. ఆకుకూరకి మూడు నిమిషాలు చాలు, మూత పెట్టకపోతే రంగు నిలుస్తుంది. బీట్‌రూట్ ఒక్క ముక్క పడినా గిన్నెంతా ఎరుపే, కాకర ఒక్క ముక్క పడినా అంతా చేదే.

మెత్తగా కావాలంటే కాస్త చల్లారనిచ్చి, మిక్సీ జార్‌లో మూడో వంతుకి మించకుండా పోసి తిప్పు. వేడివేడిగా నిండా పోస్తే ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి. దుంప ఉంది కాబట్టి నున్నగా కాగానే ఆపేయ్, మరీ తిప్పితే బంకలా సాగుతుంది. సగం మాత్రమే రుబ్బి మిగతా ముక్కలు అలాగే ఉంచడం నాకు ఎక్కువ ఇష్టం, తినేటప్పుడు పంటికి తగలాలి.

ఉప్పు చివర్లోనే సరిచూడు, మరిగి నీరు తగ్గేకొద్దీ అది పెరుగుతుంది. ఎక్కువైతే దుంప వేస్తే పీల్చేస్తుందన్న మాట నమ్మకు, నీళ్లు గానీ ఉప్పులేని ముక్కలు గానీ కలపడమే దారి. ఉప్పు సరిపోయినా చప్పగా అనిపిస్తే లోపించింది పులుపు. దించాక అర చెక్క నిమ్మరసం పిండి, మిరియాల పొడి చల్లు. నిమ్మరసం పిండితే పాలు పోయకు, విరుగుతాయి.

ఉల్లి చివర్లు, క్యారెట్ తొక్కలు, కొత్తిమీర కాడలు కడిగి డబ్బాలో వేసి డీప్‌ఫ్రిజ్‌లో పోగు చేసుకో. డబ్బా నిండాక మునిగేలా నీళ్లు పోసి 45 నిమిషాలు సన్నని సెగ మీద మరిగించి వడగట్టు. లీటరు నీళ్ల బదులు అదే పోశావంటే పైసా ఖర్చు లేకుండా రుచి పెరుగుతుంది.

మిగిలిన సూప్ రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టు, మూడు రోజులు ఉంటుంది. చల్లారాక గట్టిపడుతుంది, తినేముందు కాసిని నీళ్లు కలిపి బాగా మరిగించు.

ఇట్లు,
పెద్దమ్మ