జారిపోయే తిండితోనే జాగ్రత్త

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. బరువు తగ్గడానికి పొట్టకు చేసిన బైపాస్ ఆపరేషన్ అయి అయిదేళ్లు దాటిందనీ, తగ్గిన 40 కిలోల్లో 6 తిరిగి వచ్చాయనీ, పొట్ట సాగిపోయిందేమోనని భయంగా ఉందనీ రాశావు. ముందు ఆ భయం సంగతి చూద్దాం.

బైపాస్‌లో పొట్ట పైభాగంతో కట్టిన చిన్న సంచి మొదట్లో సుమారు 30 మిల్లీలీటర్లే పడుతుంది. నెలలు గడిచేకొద్దీ వాపు తగ్గి, కాస్త వదులై, ఒకటి రెండేళ్లకు కప్పు, కప్పున్నర తిండి పట్టడం మామూలే. అది చెడిపోవడం కాదు. బరువు కూడా చాలామందిలో ఏడాదికీ ఏడాదిన్నరకీ మధ్య బాగా కిందికి దిగి, తర్వాత కొంత పెరిగి నిలబడుతుంది. 40లో 6 అంటే హడలిపోవాల్సిన లెక్క కాదు. కానీ అవి ఏ దారిన వచ్చాయో తెలుసుకోకపోతే ఆరు పన్నెండవుతాయి.

దారి నీ ఉత్తరంలోనే ఉంది. "మధ్యాహ్నం నాలుగు ముక్కల చికెన్‌కే నిండిపోతుంది, సాయంత్రం బిస్కెట్లు మాత్రం ఎన్నయినా పడతాయి" అన్నావు. గట్టి ఆహారం, అంటే మాంసం, చేప, గుడ్డు, పప్పుగింజలు, నమిలి తినాల్సిన కూరగాయలు, సంచిలో కాసేపు నిలబడుతుంది. అలా నిలబడి గోడలను నొక్కుతుంది కాబట్టే "ఇక చాలు" అనిపిస్తుంది. బిస్కెట్లు, చిప్స్, కేకు, ఐస్‌క్రీమ్ నోట్లోనే ముద్దయి, గరాటులో పోసినట్టు నేరుగా పేగులోకి దిగిపోతాయి. సంచి ఖాళీ, కేలరీలు లోపల. ఆపరేషన్ నిలిచే తిండికే అడ్డు కడుతుంది గానీ జారే తిండికి కట్టలేదు. ఏళ్ల తర్వాత బరువు పెరిగినవాళ్లలో ఎక్కువమంది పళ్లెం నిండా తిని పెరగరు, ఇలా కొంచెం కొంచెంగా రోజంతా నోరాడించి పెరుగుతారు.

అందుకే ఎంత తింటున్నావని కాదు, ఏది ముందు తింటున్నావని అడుగుతాను. పళ్లెంలో ప్రోటీన్‌ది మొదటి వరస. సగం దాకా అదే తిను. తర్వాత కూరగాయలు. అన్నమో రొట్టెనో ఆఖర్న, చోటుంటే రెండు మూడు చెంచాలు. మొత్తం ఒక కప్పు, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్ల గిన్నెడు దాటకూడదు. అన్నంతో మొదలుపెడితే ప్రోటీన్‌కు చోటే మిగలదు, పైగా రెండు గంటల్లో మళ్లీ ఆకలేస్తుంది.

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఇది తూకంలో 80 గ్రాముల మాంసం అని కొందరు పొరబడతారు. వండిన చికెన్ 80 గ్రాములు తింటే అందులో వచ్చే ప్రోటీన్ సుమారు 24 గ్రాములే. ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో, అంటే 200 మిల్లీలీటర్లలో, ఆరేడు, ఉడికిన పప్పు 150 గ్రాముల్లో 13 దాకా, వండిన చేప 70 గ్రాముల్లో పదిహేను, పదహారు. ఉదయం రెండు గుడ్లు, మధ్యాహ్నం ఆ చికెన్, సాయంత్రం పాలు, రాత్రి పప్పూ చేపా వేసుకుంటే 70 దాటుతుంది. మాంసం తినని రోజు పప్పు, పెరుగు, పనీర్, సోయా కలిపి లెక్క కట్టుకో. పెరుగును గుడ్డలో వేసి నీళ్లు కారిస్తే అదే పరిమాణంలో ప్రోటీన్ రెట్టింపు దాకా అవుతుంది. నీలాంటి చిన్న సంచికి అది బాగా కలిసొస్తుంది. రెండు వారాలు వంటింటి త్రాసు మీద తూచి రాసుకో. ఆ తర్వాత కన్నే తూకమవుతుంది, త్రాసు లోపల పెట్టేయొచ్చు.

ప్రోటీన్ పౌడర్ షేకు మానలేదన్నావు. ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో అది అవసరం, జబ్బుపడి తినలేకపోయిన రోజుల్లోనూ పనికొస్తుంది. రోజూ భోజనానికి బదులుగా తాగితే మాత్రం పైన చెప్పిన చిక్కే: ద్రవం నిలవదు, గంటకే ఆకలి. మిక్సీలో తిప్పిన పళ్లరసాలూ అంతే. పండు కొరికి తిను. "సంచిని మళ్లీ చిన్నది చేసే" అయిదు రోజుల ద్రవాహారం గురించి కూడా అడిగావు. ద్రవాలు తాగితే సంచి కుంచించుకుపోదు. తూకంలో దిగేది చాలావరకు నీరే. నా మాట వింటే ఆ జోలికి పోవద్దు.

నీళ్ల దగ్గర ఇంకో తప్పు జరుగుతోంది. తింటూ తాగితే సంచిలోని తిండి పలచబడి తొందరగా దిగిపోతుంది. భోజనానికి పావుగంట ముందే తాగడం ఆపి, భోజనమయ్యాక అరగంట దాకా గ్లాసు ముట్టుకోకు. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు ఎలాగూ కావాలి. అందుకని మిగతా సమయాల్లో గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండాలి, గటగటా కాదు. ఇది ఆకలి కోసమే కాదు. బైపాస్ తర్వాత మూత్రంలో ఆక్సలేట్ పెరిగి కిడ్నీలో రాళ్లు పడే అవకాశం ఎక్కువవుతుంది. నీళ్లు తగ్గితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

భోజనానికి ఇరవై నిమిషాలు పట్టాలి. బఠాణీ గింజంత ముక్క, పాతిక సార్లు నమలడం, చెంచా కింద పెట్టి అప్పుడు మింగడం. అరగంట దాటితే పళ్లెం తీసేయాలి, ఎందుకంటే ఆ పాటికి మొదట తిన్నది దిగడం మొదలై, మళ్లీ చోటు ఏర్పడి, అలా గంటసేపు తింటూనే ఉండొచ్చు. రొమ్ము ఎముక వెనక బిగపట్టినట్టు అనిపిస్తే ముద్ద పెద్దదయిందని గానీ, నమలలేదని గానీ, మాంసం మరీ ఎండిపోయిందని గానీ అర్థం. నిన్నటి చికెన్‌ను మళ్లీ వేడి చేసినప్పుడు ఇది బాగా జరుగుతుంది. కాస్త పులుసో పెరుగో కలిపి తడిగా తిను. జాగ్రత్తగా నమిలినా ప్రతి భోజనానికీ ఇదే జరుగుతోంటే మాత్రం సంచి పేగుతో కలిసే కూడలి దగ్గర దారి ఇరుకైందేమో ఎండోస్కోపీతో చూడాలి.

తీపి తిన్నా ఇప్పుడేమీ కావడం లేదని సంతోషంగా రాశావు. నాకేమో అదే దిగులు. మొదట్లో తీపి తిన్న పది నుంచి ముప్ఫై నిమిషాల్లో గుండెదడ, చెమట, కడుపునొప్పి, విరేచనం వచ్చేవి కదా, అది డంపింగ్. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో అది నెమ్మదిస్తుంది, దాంతో ఉన్న ఒక్క కాపలాదారూ పోతాడు. ఇంకా గమనించు: మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు చేతులు వణికి, చెమట పట్టి, చాక్లెట్ తింటే సర్దుకుంటోందన్నావు. అది నీరసం కాకపోవచ్చు. పిండిపదార్థం ఒక్కసారిగా పేగులో పడితే చక్కెర జివ్వున పెరుగుతుంది, దానికి ఇన్సులిన్ అవసరానికి మించి వస్తుంది, ఒకటి నుంచి మూడు గంటల్లో చక్కెర పడిపోతుంది. చాక్లెట్ తింటే మళ్లీ పెరిగి మళ్లీ పడుతుంది. ఆ చక్రంలో బరువూ పెరుగుతుంది.

ఒక గ్లూకోమీటర్ కొని, వణుకు వచ్చినప్పుడు చూసుకో. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ వేసుకుని, పావుగంట ఆగి మళ్లీ చూడు. 70 దాటాక ఒక గుడ్డో కాస్త పనీరో తినాలి, లేకపోతే నిలవదు. వణుకు ఉన్నంతసేపూ బండి నడపకు. 54 కంటే తక్కువ వచ్చినా, మాట తడబడినా, స్పృహ తప్పినా అది డాక్టరు చూడాల్సిన విషయం, దీనికి మందులున్నాయి. రాకుండా ఉండాలంటే ఒక్కో పూట పిండిపదార్థం 30 గ్రాములు దాటనీయకు, దాన్ని ఒంటరిగా, ఖాళీ కడుపున అసలు తినకు. ఇదే కారణంగా, మున్ముందు గర్భం వస్తే గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్ష నీకు పడదని ముందే చెప్పు. వారం రోజులు ఇంట్లో వేలి రక్తంతో చక్కెర చూసే పద్ధతి ఉంది.

మద్యం గురించి ఒక్క మాటే. బైపాస్ తర్వాత అది రక్తంలోకి త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదం రెండో ఏడాది నుంచి పెరుగుతుంది. వద్దు.

ఇక మాత్రలు. "బాగానే ఉన్నాను కదా" అని ఏడాదిగా మానేశావట! ఇక్కడ మాత్రం కోప్పడతాను. తిండి తిన్నంత మాత్రాన ఒంటికి పట్టదు నీకు. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటబట్టే పేగు మొదటి భాగాన్ని తిండి ఇప్పుడు తప్పించుకుని వెళుతోంది. బి12కు కావాల్సిన ఆమ్లమూ తోడు పదార్థమూ సంచి నుంచి వేరుపడిన పెద్ద పొట్టలోనే ఉండిపోయాయి. నిల్వలు కొన్నేళ్లు నడిపిస్తాయి, అందుకే మానేసిన వెంటనే ఏమీ తెలియదు. తెలిసేసరికి అరికాళ్లలో తిమ్మిర్లు, రక్తహీనత, పలచబడిన ఎముకలు.

బి12 నోటి మాత్రగా రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదా నెలకో ఇంజెక్షన్. కాల్షియం తిండితో కలిపి రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 500, 600కు మించకుండా విడదీసి. సిట్రేట్ రకమే తీసుకో, దానికి ఆమ్లం అక్కర్లేదు. కార్బొనేట్‌కు కావాలి, నీ సంచిలో అది తక్కువ. నెలసరి వచ్చే స్త్రీకి బైపాస్ తర్వాత ఇనుము 45 నుంచి 60 మిల్లీగ్రాములు. సీసా మీద ఇనుము కలిసిన మొత్తం లవణం బరువు కాక అసలు ఇనుము ఎంతో చూడాలి. ఇనుమూ కాల్షియమూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, మధ్య రెండు గంటలు ఎడముండాలి. టీ, కాఫీలు కూడా ఇనుమును పట్టనివ్వవు. పడుకోబోయే ముందు ఇనుము, ఉదయం, మధ్యాహ్నం కాల్షియం అని పెట్టుకుంటే గొడవుండదు. విటమిన్ డి సాధారణంగా రోజుకు 3000 యూనిట్లతో మొదలుపెట్టి, రక్తంలో మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటేలా డాక్టరు సర్దుతారు. వీటికి తోడు మల్టీవిటమిన్, అందులో థయామిన్ (బి1), జింక్, రాగి ఉన్నాయో లేదో చూడు. జింక్ మాత్ర ఒక్కటే విడిగా నెలల తరబడి వేసుకుంటే రాగి పడిపోతుంది. ఎసిడిటీ మాత్రలు గానీ, మధుమేహానికిచ్చే మెట్‌ఫార్మిన్ గానీ వాడుతుంటే బి12 ఇంకా తగ్గుతుంది.

ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పదు: పూర్తి రక్తకణాల లెక్క, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది), బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ (రక్తంలో కాల్షియాన్ని సర్దే హార్మోన్), ఆల్బుమిన్, జింక్, రాగి. హిమోగ్లోబిన్ బాగుందని ఫెర్రిటిన్ వదిలేయకు, ముందు పడేది అదే. కాల్షియం బాగుందని పీటీహెచ్ వదిలేయకు, ఎముకల్లోంచి లాగి రక్తంలో సర్దుతున్న సంగతి అదే చెబుతుంది. ఎముకల సాంద్రత పరీక్ష ఇప్పటిదాకా చేయించకపోతే ఈసారి అడుగు.

స్లీవ్ చేయించుకున్న నీ స్నేహితురాలితో పోల్చుకోవడం మానెయ్. ఆమెకు పొట్టలో ముప్పావు వంతుకు పైగా తీసేశారు, పేగును కదపలేదు. ఆమెను వేధించేది చక్కెర పడిపోవడం కంటే గొంతులోకి వచ్చే పులితేన్పు. నీ జాగ్రత్తలు కొన్ని ఆమెకు అక్కర్లేదు, మాత్రలు మాత్రం ఆమెకూ తప్పవు.

వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం చెయ్యి. నడక మంచిదే గానీ కండ నిలపదు, కండ తగ్గితే ఒళ్లు ఖర్చుపెట్టే శక్తీ తగ్గుతుంది. బరువు వారానికొకసారి చాలు, ఒకే రోజు, ఒకే వేళ. అతి తక్కువ బరువు నుంచి 10 శాతానికి మించి పెరుగుతుంటే ఆపరేషన్ చేసిన బృందం దగ్గరికి వెళ్లు. ఆహారం సరిదిద్దాక కూడా ఆగకపోతే ఆకలి తగ్గించే ఇంజెక్షన్లున్నాయి, వదులైన కూడలిని ఎండోస్కోపీతో కుట్టే పద్ధతీ ఉంది. సిగ్గుపడి ఏళ్లు వాయిదా వేయడమే నష్టం.

కొన్నిటికి వారం కూడా ఆగకూడదు. తిన్నాక కడుపు మధ్యలో మెలిపెట్టే నొప్పి వచ్చి తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లి, బైపాస్ అయిందని మొట్టమొదట చెప్పు. లోపలి సందుల్లో పేగు ఇరుక్కోవడం ఏళ్ల తర్వాత కూడా జరుగుతుంది. రెండు మూడు రోజులు వాంతులు ఆగకపోతే, గ్లూకోజ్ ఎక్కించేముందు థయామిన్ ఇవ్వమని అడుగు, లేకుంటే మెదడు దెబ్బతినవచ్చు. నలుపు రంగు విరేచనం పుండుకు గుర్తు కావచ్చు. ఆ పుండు రాకుండా ఉండాలంటే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ముట్టకు. పారాసిటమాల్ సరిపోతుంది. సిగరెట్ పొగ కూడా అదే పుండు తెస్తుంది.

ఈ వారం మాత్రలు మొదలుపెట్టేముందే రక్తం ఇచ్చిరా, అసలు లోటెంతో తెలుస్తుంది. ఫెర్రిటిన్, పీటీహెచ్ అంకెలు, వణుకు వచ్చినప్పటి చక్కెర అంకెలు నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ