టెక్ సందేహాలు: సింకును రెండుగా విడదీసే ముందు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాము. వంటింట్లో 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు ఉన్న ఒకే తొట్టి సింకు ఉంది. అంట్లు తోమడానికి ఒక వైపు, తొలవడానికి మరొక వైపు ఉంటే బాగుంటుందని మా ఆలోచన. సిలికాన్ అంచుతో, నీటిమట్టం చూపించే చిన్న డిస్‌ప్లేతో, కావలసినప్పుడు తీసి పెట్టుకోగలిగే డివైడర్‌లు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి. కొనవచ్చా? ఒక వైపుకు వేడినీళ్లిచ్చే ఎలక్ట్రిక్ కుళాయిని కూడా బిగించుకోవచ్చా?

జవాబు: ఇదే ప్రశ్న చిన్న చిన్న మార్పులతో వైట్‌ఫీల్డ్ నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వస్తూనే ఉంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి వల్ల బెంగళూరు జలమండలి అపార్ట్‌మెంట్లు, హోటళ్ల వంటి చోట్ల కుళాయిలకు ఏరేటర్లు, అంటే ధారలో గాలి కలిపి నీటి వాడకాన్ని తగ్గించే మూతలు, తప్పనిసరి చేసింది. ధారగా పారే కుళాయి కింద ఒక్కొక్క గిన్నె తొలిచే అలవాటును మానుకోవాలని అప్పటి నుంచి చాలామందికి అనిపిస్తోంది. అంచులు పోగా మీ సింకు లోపలి సగభాగాన్ని 10 సెంటీమీటర్ల లోతుకు నింపితే సుమారు 14 లీటర్ల నీళ్లు పడతాయి. ఒక పూట అంట్లు తొలవడానికి అవి సరిపోతాయి. కాబట్టి ఆలోచన మంచిదే. నా అభ్యంతరమంతా దాన్ని అమ్ముతున్న తీరు మీద.

మొదట మీ సింకులో వేస్ట్ కప్లింగ్, అంటే నీళ్లు బయటకు పోయే జాలీ, ఎక్కడుందో చూడండి. అది సరిగ్గా నడిమధ్యన ఉంటే డివైడర్ దాని మీదే కూర్చుంటుంది కనుక రెండు వైపులా నీళ్లు నిలవవు. ఆ విషయం కొనే ముందు చెప్పే అమ్మకందారు నాకు ఇంతవరకు తారసపడలేదు. జాలీ ఒక పక్కకు ఉంటే ఆ పక్కను తోమడానికి, రెండవ పక్కను తొలవడానికి వాడుకోవాలి. సబ్బునీళ్లను మాటిమాటికీ వదలవలసి వస్తుంది కాబట్టి అవి జాలీ వైపే ఉండాలి. తొలిచే నీళ్లను చివరన డివైడర్ కొద్దిగా ఎత్తి వదిలితే అవి సబ్బు మురికిని కూడా తోసుకుపోతాయి.

ఇక నీళ్లు ఇటు నుంచి అటు పోకుండా ఆగుతాయా అన్నది. తొలిచే వైపు 20 సెంటీమీటర్ల లోతున నీళ్లు నింపి, తోమే వైపు ఖాళీ చేస్తే, 40 సెంటీమీటర్ల వెడల్పున్న పలక మీద సుమారు 8 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పడుతుంది. లోతును సగానికి తగ్గిస్తే ఒత్తిడి సగం కాదు, నాలుగో వంతుకు, అంటే 2 కిలోలకు తగ్గుతుంది. రబ్బరు చూషకాలతో (సక్షన్ కప్పులతో) అంటుకునే డివైడర్‌లు ఈ రెండవ బరువును ఆపగలవు కానీ, జిడ్డు పట్టిన స్టీలు మీద, వేడినీళ్లలో మొదటి బరువును ఆపలేవు. పైగా చాలా సింకుల అడుగున నాలుగు మూలల నుంచి జాలీ వైపుకు సన్నని గాడులు ఉంటాయి. తిన్నగా ఉన్న సిలికాన్ అంచు ఆ గాడుల మీదుగా పోతుంది తప్ప వాటిలోకి దిగదు. అందుకని డివైడర్ వచ్చిన రోజే ఒక వైపు నీళ్లు నింపి చిటికెడు పసుపు కలపండి. పది నిమిషాలలో రెండవ వైపు గాడి వెంట పచ్చని చార కనిపిస్తే, వాపసు గడువు దాటక ముందే దాన్ని తిప్పి పంపేయండి.

డిస్‌ప్లే ఉన్న రకాన్ని నేను సిఫారసు చేయను. వాటిలో చాలావరకు నీటిమట్టాన్ని రెండు లోహపు మొనల మధ్య ప్రవహించే స్వల్ప విద్యుత్తును బట్టి కొలుస్తాయి. బోరు నీళ్లు వాడే బెంగళూరు ఇళ్లలో ఆ మొనల మీద తెల్లని సున్నపు పొర కడుతుంది. సబ్బు నురుగు రెండింటినీ కలిపితే ఖాళీ తొట్టి కూడా నిండినట్టు చూపిస్తుంది. కంటితో చూస్తే తెలిసే నీటిమట్టానికి సెన్సరు పెట్టినవారు, నిజంగా అరిగిపోయే సిలికాన్ అంచును విడిగా అమ్మడం లేదు. లోపలి సెల్ అయిపోతే మార్చే వీలు లేక మొత్తం పలకను పారేయవలసి వస్తోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించి మూడేళ్లు దాటినా, రెండు రూపాయల రబ్బరు ముక్క దొరకక మంచి స్టీలు చెత్తలోకి పోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. మామూలు పలకనే తీసుకోండి. రాత్రి పని అయ్యాక దాన్ని తీసి ఆరబెట్టండి. అంచు కింద తడి నిలిచిపోతే, ముఖ్యంగా బ్లీచింగ్ కలిసిన తడి అయితే, స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అక్కడే గుంటలు పడుతుంది.

మీ ఉత్తరంలో నన్ను అసలు కలవరపెట్టినది చివరి వాక్యం. సింకు రెండు భాగాలు కాగానే ఒక వైపుకు వేడినీళ్లు కావాలనిపించడం సహజమే. కానీ కుళాయిలోనే హీటరు ఉన్న పరికరాలు సాధారణంగా 3000 వాట్లవి. 230 వోల్టుల దగ్గర అవి 13 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. అద్దె ఇళ్లలో సింకు దగ్గర ఉండే ప్లగ్ పాయింటు ఎక్కువగా నీళ్ల ప్యూరిఫయర్ కోసం పెట్టినది. 100 వాట్లు కూడా లాగని యంత్రం కోసం వేసిన 6 ఆంపియర్ల సాకెట్ అది. దానికి అడాప్టర్ తగిలించి, సింకు కింద తడిలో ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీసి, కుళాయి ఫొటోను నాకు పంపి "బాగా పనిచేస్తోంది" అని రాస్తున్నవారు ఉన్నారు. దయచేసి వెంటనే దాన్ని తీసేయండి. సాకెట్ కాలిపోవడం అక్కడ జరగగల ప్రమాదాలలో చిన్నది.

పెద్ద ప్రమాదం లోపల హీటరు తీగ మీది తొడుగుకు పగులు వచ్చినప్పుడు జరుగుతుంది. అప్పుడు నీళ్లకు, లోహపు కుళాయికి కరెంటు వస్తుంది. తడి చేతులతో, ఒక్కోసారి తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి ఆ నీళ్లను ముట్టుకునేది అంట్లు తోమే మనిషి, చాలా ఇళ్లలో మీ కంటే ముందు పనికి వచ్చే అమ్మాయి. ఎంసీబీ, అంటే కరెంటు మోతాదు మించితే సరఫరాను ఆపే స్విచ్, ఉంది కదా అని ధైర్యపడకండి. 16 ఆంపియర్లు దాటితే తప్ప ఆ ఎంసీబీకి లోపం తెలియదు. మనిషి ప్రాణానికి ముప్పు తేగల కరెంటు అంతకంటే 500 రెట్లకు పైగా తక్కువ. దాన్ని పట్టుకునేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పసిగట్టి సరఫరాను ఆపే స్విచ్. దాని వెనుక సరైన ఎర్తింగ్ ఉంటే, లీకైన కరెంటు ఎర్త్ తీగ గుండా పోయి, ఎవరూ ముట్టుకోక ముందే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎర్తింగ్ లేకపోతే, ఎవరో ఒకరు ముట్టుకుని వారి ఒంటి గుండా కరెంటు పోయేవరకు అది కదలదు.

మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉందని అనుకోవద్దు. పాత ఇళ్లలో మూడవ రంధ్రం వెనుక తీగే ఉండకపోవచ్చు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ ఆ పరికరం పనిచేస్తుందో లేదో చెబుతుంది కానీ ఎర్తింగ్ గురించి ఏమీ చెప్పదు. ఆ రంధ్రంలో టెస్టర్ పెడితే వెలగకపోవడం కూడా రుజువు కాదు, తీగ లేకపోయినా అది వెలగదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో కొలిపించాలి. ఇంటి యజమానిని అడగడానికి మొహమాటపడవద్దు.

బెంగళూరు మేడల మీద సోలార్ వాటర్ హీటర్లకు కొదవ లేదు. స్నానాల గది దాకా వచ్చిన వేడినీళ్ల పైపును వంటింటికి పొడిగించడానికి యజమాని ఒప్పుకుంటే అన్నిటికంటే అది మేలు. ఒప్పుకోకపోతే ఐఎస్‌ఐ ముద్ర ఉన్న 3 లీటర్ల గీజర్‌ను 16 ఆంపియర్ల పాయింటుకు, ఎర్తింగ్ తేల్చుకున్న తరువాతే బిగించండి.

డివైడర్ విషయంలో మీ జాలీ మధ్యన ఉంటే, సింకులో సగానికి పట్టే 10 లీటర్ల దీర్ఘచతురస్రపు టబ్ కొనండి. దాన్ని ఎత్తకుండా అక్కడే వంచి ఖాళీ చేయవచ్చు. దానికి అంచూ లేదు, అరిగేదీ లేదు.

ప్రశ్న: డివైడర్ పెట్టుకుంటే ఒక వైపు కోడిమాంసం, మరొక వైపు కూరగాయలు ఒకేసారి కడుక్కోవచ్చా? (ఇందిరానగర్ నుంచి)

జవాబు: వద్దు. పలక నీళ్లను ఆపినా తుంపరలను ఆపదు. కుళాయి కింద మాంసం కడిగితే చిమ్మే నీటి బిందువులతో పాటు సూక్ష్మజీవులు పక్క భాగంలోకి, గట్టు మీదకి చేరతాయి. కూరగాయలను ముందు కడిగి దూరంగా పెట్టండి. మాంసాన్ని గిన్నెలో నెమ్మదిగా కడిగి, ఆ తరువాత డివైడర్ తీసి, సింకును, పలకను, ముఖ్యంగా సిలికాన్ అంచు మడతలను సబ్బుతో, వేడినీళ్లతో తోమండి.