బంగారు రాయిని విషంలో నానబెడతారా?

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరికి చేలల్లో వజ్రాలు ఏరుకున్నట్టు బంగారాన్ని ఏరుకోలేం. అక్కడి గనిలో బంగారు రాయిని విషంలో నానబెడతారని మీరు విన్న మాట మాత్రం నిజమే, ఆ విషం సోడియం సైనైడ్. రాయిలో బంగారం కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది. టన్నుకు ఒకటి రెండు గ్రాములున్నా గని నడుస్తుంది.

ముందు రాయిని పిండిలా నూరి, నీళ్లు కలిపి బురద చేస్తారు. అందులో సైనైడ్ చాలా పలుచగా, లీటరుకు అర గ్రాము అటూ ఇటూగా కలుపుతారు. గాలి కూడా ఊదాలి, ఆక్సిజన్ లేకపోతే బంగారం కరగదు. సున్నం తప్పనిసరి. క్షారగుణం తగ్గి పీహెచ్ 10 కిందికి వస్తే సైనైడ్ విషవాయువుగా లేస్తుంది. అసలు టెన్షన్ అక్కడే.

కరిగిన బంగారాన్ని కొబ్బరి చిప్పల బొగ్గు పీల్చుకుంటుంది. వేడి క్షార ద్రావణంతో దాన్ని బొగ్గు నుంచి విడిపించి, కరెంటు పంపి లోహంగా రాబట్టి, కరిగించి కడ్డీ పోస్తారు. సైనైడ్‌తో బంగారాన్ని కరిగించడమనేది గ్లాస్గోలో కనిపెట్టి 1887లో పేటెంట్ చేసుకున్న పద్ధతి. పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజంలో ఇరుక్కున్న బంగారమైతే ముందు కాల్చడమో, బాక్టీరియాతో ఆ ఖనిజాన్ని విడగొట్టడమో చేయాలి.

యాసిడ్‌తో కాదా అంటే, ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ల మిశ్రమం) బంగారాన్ని కరిగిస్తుంది గానీ రాయిలోని ఇనుమునూ, సున్నపురాయినీ తినేస్తుంది. టన్నుల లెక్కన గిట్టదు. సైనైడ్‌కు బదులు వాడగల థయోసల్ఫేట్ అనే రసాయనంలో విషం తక్కువే, కానీ ఎక్కువ మోతాదు పోయాలి, బొగ్గు దాన్ని సరిగా పట్టదు.

నన్నడిగితే భయపడాల్సింది ట్యాంకుల కన్నా వ్యర్థపు బురద చెరువు గురించి. 2000లో రొమేనియాలోని బయా మారేలో అలాంటి చెరువు కట్ట తెగి, సైనైడ్ నీళ్లు కలిసిన నదుల్లో చేపలు టన్నుల కొద్దీ చచ్చాయి.