మీరడిగారు: మళ్లీ డ్యూటీకి వెళ్లిన అమ్మాయి

పోయిన నెల వేరా బ్రిట్టన్ ఆత్మకథ 'టెస్టమెంట్ ఆఫ్ యూత్' గురించి నాలుగు ముక్కలు రాస్తే, మామూలు కన్నా ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో నర్సుగా పనిచేసి, 1933లో ఆ రోజులన్నీ పుస్తకంగా తెచ్చిన ఇంగ్లండ్ రచయిత్రి ఆమె. (బ్రిట్టన్ ఆమె ఇంటిపేరు, దేశం పేరు కాదు. ఇద్దరు అడిగారు.) నేను ముప్పై రెండేళ్లు వార్డుల్లో తిరిగి రిటైరైనదాన్ని. జవాబుల్లో స్పిరిట్ వాసన కొంచెం ఎక్కువగా వస్తే సర్దుకోండి.

ప్ర: మేడమ్, మా కాలేజీ లైబ్రరీలో ఈ పుస్తకం ప్రేమకథల అరలో ఉంది. ఇది నిజంగా ప్రేమకథేనా? (డిగ్రీ విద్యార్థిని)

జ: అర మార్చమని మీ లైబ్రేరియన్‌కి చెప్పు తల్లీ. ప్రేమ లేదనను. రోలండ్ లేటన్ ఆమె తమ్ముడు ఎడ్వర్డ్‌కి స్కూలు స్నేహితుడు. 1914లో వేరా, రోలండ్ ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకోవాల్సింది. ఈమె సోమర్‌విల్ కాలేజీలో చేరింది, అతను సైన్యంలో చేరాడు. ఆ తర్వాత వాళ్ల ప్రేమంతా ఉత్తరాల మీదే నడిచింది. 1915 ఆగస్టులో పెళ్లి నిశ్చయం చేసుకున్నారు. ఆ ఏడాది క్రిస్మస్‌కి అతనికి సెలవు దొరికింది.

బ్రైటన్‌లో ఒక హోటల్లో క్రిస్మస్ రోజంతా ఎదురుచూసింది. 26 పొద్దున ఫోనొచ్చిందనగానే అతనే అనుకుని లేచి పరుగెత్తింది. మాట్లాడింది అతని చెల్లెలు. రోలండ్ ఫ్రాన్సులో 23వ తేదీనే పోయాడు. రాత్రిపూట ముళ్లకంచె పని చూడ్డానికి ట్రెంచ్ బయటికి వెళ్తే తూటా తగిలింది. వయసు 20. అంటే ఈమె తలుపు వైపు చూస్తూ కూర్చున్నప్పటికే అతను పోయి రెండు రోజులు.

ఇక ఆ తర్వాతి నెల. అతని వస్తువులు వాళ్ల ఇంటికి పార్శిల్‌గా తిరిగొచ్చాయి. వేరా వెళ్లేసరికి నేల మీద పరిచి ఉన్నాయి. తూటా దిగిన చొక్కా, రక్తం మరకలు, ఎండీ ఎండని బురద. కంటికి కనబడ్డదాని కన్నా వాసన గురించే ఆమె ఎక్కువ రాసింది. అది మామూలు మట్టి వాసన కాదట, చచ్చినవాళ్ల మధ్య నుంచి వచ్చిన మట్టి. కొడుకు బట్టల్ని ఆ తల్లి చూడలేకపోయింది. తీసేయండి, కాల్చేయండి, పాతిపెట్టండి అంది. చనిపోయిన పేషెంట్ బట్టలు మూటగట్టి ఇంటివాళ్ల చేతికిచ్చే పని నేను ఎన్నోసార్లు చేశాను. ముడి కొంచెం గట్టిగా వేసేదాన్ని, ఇంటికి వెళ్లేదాకా విప్పొద్దని. ఆ పేజీలు చదివాక, ఇంటికెళ్లి విప్పినప్పటి సంగతి నాకెప్పుడూ తట్టలేదే అనిపించింది.

ప్రేమకథైతే అక్కడితో అయిపోవాలి. కానీ పుస్తకంలో అప్పటికి సగం కూడా కాలేదు. సెలవు అయిపోయింది, ఆ పిల్ల మళ్లీ వార్డుకి వెళ్లింది.

ప్ర: ఆమె నర్సింగ్ చదవలేదు కదా! ఏ ధైర్యంతో ఆస్పత్రిలో పెట్టుకున్నారు? (నర్సింగ్ రెండో సంవత్సరం)

జ: నీ కడుపుమంట నాకు అర్థమైంది. వీఏడీ (వాలంటరీ ఎయిడ్ డిటాచ్‌మెంట్) అని 1909లో మొదలైన స్వచ్ఛంద దళాలు ఉండేవి. ప్రథమ చికిత్స, ఇంటి దగ్గర రోగిని చూసుకోవడం నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలు, చేర్చుకునేవారు. ఎక్కువగా పనిమనుషులున్న ఇళ్ల పిల్లలు. వేరా నాన్నగారిది కాగితం మిల్లు. అలాంటి అమ్మాయి 1915 జూన్‌లో బక్‌స్టన్ ఊళ్లో ఆస్పత్రిలో చేరి, ఆ తర్వాత లండన్‌లో కాంబర్‌వెల్ సైనికాస్పత్రికి వెళ్లింది. పొద్దున ఏడున్నరకి ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగడం, మధ్యలో మూడు గంటల విరామం. హాస్టల్ నుంచి నడకే.

ట్రైనింగ్ అయిన సిస్టర్లకి ఈ పిల్లలంటే పడేది కాదు. పుస్తకంలో సిస్టర్లని వేరా చాలా చోట్ల దెప్పింది, నేను మాత్రం సిస్టర్ల పక్షమే. మూడేళ్లు ట్రైనింగ్ చేసి వచ్చినవాళ్ల పక్కన, మొన్న వచ్చిన పిల్లకీ తెల్ల క్యాపే పెడితే ఒళ్లు మండదా? పైగా ఇంగ్లండ్‌లో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1919లో. అప్పటిదాకా ఎవరు నర్సో ఎవరు కాదో చెప్పే ప్రభుత్వ కాగితమే లేదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. కుళ్లిన గాయానికి డ్రెస్సింగ్ మార్చడం మొదటిసారి ఎలా ఉంటుందో ఆమె ఏమీ దాచకుండా రాసింది. నీ మొదటి పోస్టింగ్ అయ్యాక చదువు, ఇంకా బాగా ఎక్కుతుంది.

1916 జూలై 1న ఫ్రాన్సులో సోమ్ యుద్ధం మొదలైన రోజే ఎడ్వర్డ్‌కి గాయాలయ్యాయి. ఇంగ్లండ్‌లో అన్ని ఆస్పత్రులుండగా, తిప్పితిప్పి అక్క పనిచేసే ఆస్పత్రికే తెచ్చారు. కథలో రాస్తే కల్పన అంటాం.

ప్ర: శత్రు సైనికులకి కూడా సేవ చేసిందని రాశారు. తమ్ముడు యుద్ధంలో ఉండగా చేతులెలా వచ్చాయండీ? (రిటైర్డ్ హవల్దార్)

జ: నమస్కారమండీ. ఈ ప్రశ్న మీరు అడిగితే దానికో బరువుంటుంది. 1917 ఆగస్టులో ఆమెని ఫ్రాన్సులో ఎతాప్ల్ అనే చోట పెద్ద సైనికాస్పత్రికి పంపారు. మొదట వేసింది జర్మన్ ఖైదీల వార్డులో. బాగా దెబ్బతిన్నవాళ్లు, చాలామంది బతకరని తెలిసినవాళ్లు. అక్కడ తమ్ముడు వీళ్లని చంపడానికి చూస్తున్నాడు, ఇక్కడ నేను వీళ్లని బతికించడానికి చూస్తున్నాను అనుకుంటుంది. చేతులెలా వచ్చాయంటే, నా అనుభవంలో చేతులు ఆలోచించవండీ. రక్తం కారుతుంటే ముందు నొక్కిపట్టడమే. ఎవరి రక్తం అన్న ఆలోచన డ్యూటీ దిగాక వస్తుంది. ఆమెకీ అంతే, పదిహేనేళ్లు పోయాక కాగితం మీదికి వచ్చింది.

మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు ఆ ఏడాదే కొత్తగా వాడారు. ఒళ్లంతా బొబ్బలు, కళ్లు అతుక్కుపోవడం, ఊపిరాడకపోవడం. ఎంతకాలమైనా సరే యుద్ధం సాగాలి అనేవాళ్లు ఒక్కసారి వచ్చి వీళ్లని చూడాలని వాళ్లమ్మకి ఉత్తరం రాసింది. తర్వాతి కాలంలో ఆమె యుద్ధమే వద్దనే శాంతివాదిగా మారింది. దాని మీద మీకూ నాకూ అభిప్రాయభేదాలు ఉండొచ్చు. కానీ ఆ మాట ఆమె సభల్లో నేర్చుకున్నది కాదు, వార్డులో నేర్చుకున్నది.

ప్ర: సినిమా చూసేశాను. పుస్తకం కూడా చదవాలా?

జ: 2014లో వచ్చినదే కదా. బాగుంది, బట్టలన్నీ శుభ్రంగా ఉన్నాయి. పుస్తకం చదవండి.

ప్ర: మా అమ్మాయికి నిశ్చితార్థమైన అబ్బాయి ఎనిమిది నెలల క్రితం యాక్సిడెంట్‌లో పోయాడు. ఉద్యోగానికి వెళ్తోంది, వస్తోంది, మాట్లాడదు. ఈ పుస్తకం ఇవ్వొచ్చా? (ఒక తల్లి)

జ: మీ ఉత్తరం మూడుసార్లు చదివానమ్మా. ముందు ఇందులో ఏముందో పూర్తిగా చెబుతాను, మీరే తేల్చుకోండి. రోలండ్‌తో ఆగలేదు. 1917 ఏప్రిల్‌లో ఇంకో స్నేహితుడు జెఫ్రీ చనిపోయాడు. అదే నెలలో మరో స్నేహితుడు విక్టర్‌కి రెండు కళ్లూ పోయాయి. వేరా అప్పుడు మాల్టా దీవిలో పనిచేస్తోంది. అతన్ని పెళ్లి చేసుకుని చూసుకుందామని బయల్దేరి వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే, జూన్‌లో, అతనూ పోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, అమ్మకి బాగోలేదని నాన్న పిలిస్తే ఫ్రాన్సులో డ్యూటీ వదిలి రావాల్సి వచ్చింది. ఆ జూన్ 15న ఇటలీ కొండల్లో ఎడ్వర్డ్ చనిపోయాడు. నలుగురూ అయిపోయారు. ఆమె 1970లో పోయినప్పుడు చితాభస్మాన్ని చల్లింది ఆ తమ్ముడి సమాధి మీదే.

ఇంత చీకటి ఉన్న పుస్తకాన్ని నేనెందుకు దాచుకున్నానంటే, యుద్ధం అయ్యాక మళ్లీ చదువుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన భాగం కోసం. అక్కడ యుద్ధం మాటెత్తితే విసుక్కునే చిన్న పిల్లల మధ్య ఒంటరిగా తిరిగింది. అద్దంలో చూసుకుంటే తన ముఖానికి గడ్డం మొలుస్తున్నట్టు కనబడేది, పిచ్చెక్కుతోందేమోనని హడలిపోయేది, ఎవరికీ చెప్పుకునేది కాదు. పనిలో ఉన్నన్నాళ్లూ నిలబడింది, పని ఆగాక కూలింది. మీ అమ్మాయి ఉద్యోగానికి వెళ్తోంది కాబట్టి బాగానే ఉంది అనుకోకండి, అందుకే చెబుతున్నాను. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో గమనించండి. ఒకసారి కౌన్సెలర్ దగ్గరికి తోడు వెళ్లండి. పుస్తకం ఆ తర్వాత.

ఇచ్చేటప్పుడు, బట్టల పార్శిల్ సంగతి ఇందులో ఉందని ముందే చెప్పి ఇవ్వండి, తెలియకుండా ఆ పేజీ మీద పడకూడదు. 600 పేజీలు దాటుతుంది, ఇంగ్లీషు వాక్యాలు పొడుగు. టేబుల్ మీద పెట్టేసి రండి. చదివావా అని అడక్కండి.